తీపి తగిలిందా?

యంత్రమే అబద్ధం చెబుతోందని పోలమ్మ అనుకుంది. కాకపోతే ఏమిటి, ఊరికి కొత్తది, నిన్న సాయంత్రం నాగపూర్ నుంచి జీపులో వచ్చి దిగింది, దానికి దుర్గు పక్కనున్న ఈ జాముల్ ఊరి సంగతేం తెలుసు, ఈ ఇటుకల ఫ్యాక్టరీ సంగతేం తెలుసు, పోలమ్మ సంగతేం తెలుసు. పొద్దున్న క్యాంటీన్ బల్లమీద దాన్ని పెట్టి పక్కనే అగరొత్తి వెలిగిస్తుంటే, దసరాకి పనిముట్లకి చేసినట్టు పూజ చేస్తున్నారు కాబోలనుకుని చెప్పులు కూడా విప్పేసిందామె. యంత్రంతో పాటు వచ్చిన మేడం నవ్వింది. పూజ కాదమ్మా, గాలిలో కాస్త పొగ ఉండాలి, పొగలో కంటికి ఆనని నలుసులుంటాయి, ఈ మిషన్ వాటిని లెక్కపెడుతుంది అని హిందీలో విడమరిచి చెప్పింది. బయట ఎన్ని నలుసులు, మాస్కు లోపల ఎన్ని నలుసులు. బయట వంద ఉంటే లోపల ఒకటికి మించకూడదట. పోలమ్మ మాస్కులో పది ఉన్నాయంది యంత్రం. పది! సేఫ్టీ చూసే సంజయ్ కూడా ఉలిక్కిపడ్డాడు. విజయనగరం నుంచి వచ్చినవాళ్ళ అబ్బాయి, ఇక్కడే టౌన్‌షిప్‌లో సెక్టార్ ఆరులో పుట్టి పెరిగాడు, తెలుగు మాట్లాడితే సగం హిందీ దొర్లుతుంది. "మిషన్‌లోనే ఏదో గడ్‌బడ్ ఉంది పెద్దమ్మా. నువ్వు ఫెయిలవడమేంటి? ఇంకోసారి చేద్దాం, ఆరామ్‌గా కూర్చో," అన్నాడు. అలా రెండోసారి మాస్కుకి సన్నటి గొట్టం తగిలించుకుని, గోడమీద తొంభై ఏడో సంవత్సరం క్యాలెండర్‌లోని లక్ష్మీదేవికి ఎదురుగా, తప్పు చేయని మనిషి పోలీసు స్టేషన్‌లో కూర్చున్నట్టు కూర్చుంది.

మామూలుగా ఊపిరి పీల్చమన్నారు. మామూలుగా పీల్చమని ఎవరైనా చెప్పాక ఇంక మామూలుగా పీల్చడం ఎవరి తరం. లోపలికి, బయటికి, మాస్కులో తన ఊపిరి తనకే వెచ్చగా తగులుతోంది, ఇంత వెచ్చగా లోపలే తిరుగుతున్న గాలి బయటికెలా పోతుంది, బయటిది లోపలికెలా వస్తుంది, పది నలుసులట, తిక్క కాకపోతే. అప్పలసూరికి ఇలాంటి మాస్కు ఎవడిచ్చాడు? తలపాగా విప్పి మూతికి చుట్టుకునేవాడు మొగుడు మహారాజు, అదే మాస్కు, అదే తువ్వాలు, సాయంత్రం దానితోనే మొహం తుడుచుకునేవాడు. కొలిమి లోపల పేర్చే ఇటుకలకి తెల్లరాయి కావాలి, రాయిని పిండి చేయాలి, ఆ పిండి షెడ్డులోనే ఆయన కాలమంతా గడిచింది. కూలీల బస్తీ క్యాంప్ టూలో ఇంటికొచ్చేసరికి కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి, కూతురు అమ్ము చిన్నప్పుడు దయ్యం దయ్యం అని నవ్వుతూ మంచం కిందకి దూరేది. ఆ నవ్వులన్నీ ఎటు పోయాయో. ఆఖరు రోజుల్లో పడుకుంటే ఊపిరాడక గోడకి చేరగిలబడి కూర్చునేవాడు, కూర్చునే నిద్రపోయేవాడు, టీబీ అన్నారు, టీబీ మందులు మింగించారు, రాతిపిండికి టీబీ మందేం చేస్తుంది. ఆయన పోయాక కడుపు కోసం తను అదే షెడ్డులోకి వెళ్ళింది గానీ, పిల్లని మాత్రం ఆ పిండిలో కాలు పెట్టనివ్వనని సింహాచలం అప్పన్న మీద ఒట్టు పెట్టుకుంది. మాస్కులు వచ్చేదాకా ఆ మాట మీదే నిలబడింది.

ఇప్పుడు లోతుగా పీల్చమన్నారు. పీల్చింది. మాస్కులు వచ్చిన రోజు షెడ్డులో ఆడవాళ్ళంతా వాటిని చూసి పంది మూతులని పడిపడి నవ్వారు, ముందుగా తగిలించుకున్నది పోలమ్మే, జట్టుకి పెద్ద కనక. అప్పుడు చేసిన పరీక్ష ఇలాంటి గొట్టాలూ అగరొత్తులూ లేని మర్యాదైన పరీక్ష. మాస్కు పెట్టుకున్నాక తలమీద నుంచి భుజాల దాకా ప్లాస్టిక్ ముసుగు వేస్తారు, దానికున్న చిన్న రంధ్రంలోంచి రబ్బరు బుడ్డి నొక్కి పంచదార మందు తుంపర కొడతారు, పంచదారకి పదింతలు తియ్యన అంటాడు సంజయ్. నోరు తెరిచి ఊపిరి పీలుస్తుండాలి. తీపి తగిలిందా అని అడుగుతాడు. తగిలితే మాస్కు కారుతున్నట్టు. తగలకపోతే బిగువుగా ఉన్నట్టు. పోలమ్మకి ఏనాడూ తగల్లేదు. ప్రతి ఆరునెలలకీ చేస్తారు, ప్రతిసారీ ముందు ఆమెకే చేస్తారు, నేదు బాబూ అంటుంది, వరసలో ఉన్న ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు ఆమె మొహం చూసి వాళ్ళూ నహీ భయ్యా అంటారు. ఒకసారి వాళ్ళలో అహల్య మీఠా లాగత హే దీదీ, తియ్యగా తగులుతోందని గొణిగితే, పట్టీ బిగించుకోవడం చేతకాక మాస్కుని ఆడిపోసుకుంటావా అని పోలమ్మే కేకలేసి పట్టీ లాగి బిగించింది. ఆ తర్వాత అహల్య కూడా నహీ అంది. ఈ రెండు పరీక్షల్లో ఏది నిజం చెబుతుందో తేల్చడానికే నాగపూర్ వాళ్ళు వచ్చారు, ఒక్కొక్కరికీ రెండూ చేస్తారు. పొద్దున్న తుంపర పరీక్షలో కూడా పోలమ్మకి తీపి తగల్లేదు. మరి యంత్రానికి ఎక్కడి నుంచి తగిలింది?

తలని అటూ ఇటూ తిప్పమన్నారు. కుడివైపు తిప్పితే కిటికీ, అద్దం మీద తెల్లగా పేరుకున్న పొడి, అవతల రాయిని పిండి చేసే బండ తిరుగుతున్న చప్పుడు. ఎడమవైపు తిప్పితే బెంచీ, బెంచీ చివర అమ్ము. ఒళ్ళో మాస్కు పెట్టుకుని గోళ్ళు గిల్లుకుంటోంది. దాని వరస తర్వాతది. మళ్ళీ కిటికీ. మళ్ళీ అమ్ము. సన్నటి మొహం, వాళ్ళ నాన్న గడ్డం, ఆ మొహానికి ఈ మాస్కు చేటంత ఉంటుంది, ఉన్నదే ఒక సైజు. పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్న పిల్లని ఈ వానాకాలంలో తనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. మాస్కుందే, నాకే ఏటీ అవలేదు, నీకేటవుద్ది అంది. అప్పన్నకి కూడా నచ్చజెప్పింది, స్వామీ, ఒట్టు తుంచడం లేదు, పిండి లోపలికి వెళ్ళకపోతే పిండిలో కాలు పెట్టినట్టు కాదు కదా అని. ఈ మధ్య పొద్దున్నపూట పిల్ల దగ్గుతోంది. చలికాలం, సిగిడీ కుంపటిలో బొగ్గు రాజేస్తే క్యాంప్ టూలో దగ్గనిదెవరు. సిగిడీ పొగేనని తనే అంది, పక్కింటావిడ అడిగితే కూడా సిగిడీ పొగేనంది. కిటికీ. అమ్ము. ఇప్పుడు పది నలుసులని యంత్రం అంటే, ఆ పది తన లోపలికి పోతే పోనీ, కాటికి కాళ్ళు చాపుకున్న మనిషి, కానీ పిల్ల మాస్కులోనో? చూపు తిప్పుకుందామన్నా తల ఎడమకి తిప్పక తప్పదు, తిప్పినప్పుడల్లా ఆ పిల్లే.

మాట్లాడమన్నారు. మామూలుగా ఏదో కాగితం చదివిస్తారట, పోలమ్మకి చదువెక్కడిది, నీకు వచ్చింది ఏదైనా చెప్పు పెద్దమ్మా అన్నాడు సంజయ్. రైలు స్టేషన్లు చెప్పింది. విజీనారం, బొబ్బిలి, పార్తీపురం, రాయగడ, టిట్లాగఢ్, రాయపూర్, దుర్గు, పెళ్ళయిన కొత్తలో అప్పలసూరి వేలు పట్టుకుని వచ్చిన దారి, మాస్కులోంచి ఊళ్ళ పేర్లు ముక్కుతో పలికినట్టు వస్తుంటే బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమెకీ నవ్వొచ్చింది. ఆ నవ్వుకి ఎడమ దవడ దగ్గర చల్లటి గాలి తగిలింది. పళ్ళు ఊడిపోయి బుగ్గ లోపలికి పోయినచోట. అంతకు ముందు కూడా అక్కడ చల్లగా ఉండేదా? ఉండేది కాబోలు, చెమటనుకునేది.

యంత్రం బీప్‌మని ఆగింది. మేడం తెరమీద చూసింది, సంజయ్ చూశాడు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మళ్ళీ పదే. పోలమ్మ మాస్కు తీసి గడ్డం తుడుచుకుంటూ, "నాకు తీపి తగల్లేదు కదా బాబూ. పొద్దున్న నువ్వే కొట్టినావు," అంది. ఆ మాటలో గొంతు కొంచెం గట్టిగానే ఉంది. మేడం ఏదో ఆలోచించి సంజయ్‌ని అడిగింది, ముందుగా మాస్కు లేకుండా తుంపర కొట్టి నోటికి తీపి తెలుస్తోందో లేదో చూశారా అని. చూశానన్నాడు సంజయ్, ప్రతిసారీ చూస్తాను, తెలిసిందనే చెబుతుంది. అది నిజం. బుడ్డి నొక్కగానే నాలుక మీద చల్లగా తుంపర పడుతుంది, తీపి తెలిసిందా పెద్దమ్మా అంటాడు, తెలిసింది బాబూ అంటుంది. పంచదార మందు నోట్లో పడ్డాక తెలియకేం. మేడం బల్లకింద నుంచి రెండు బుడ్లు తీసింది. చూడ్డానికి రెండూ ఒకటే. మొదటిది పోలమ్మ నోట్లో కొట్టింది. చల్లగా. రెండోది కొట్టింది. చల్లగా. ఇందులో తీపిది ఏదో చెప్పమంది.

"రెండూ తీపే," అంది పోలమ్మ.

సంజయ్ తల దించుకున్నాడు. ఎందుకు దించుకున్నాడో ఆమెకి అర్థం కాలేదు. "పెద్దమ్మా, మొదటిది మంచినీళ్ళు," అన్నాడు మెల్లిగా. పరాచికాలేమో అనుకుంది. వీడు వేళాకోళమాడే పిల్లాడు కాదే. మేడం అమ్ముని పిలిచింది, అమ్ము నోరు తెరిచింది, మొదటి తుంపరకి ఏమీ అనలేదు, రెండో తుంపర పడీ పడగానే మొహం చిట్లించి, "ఛీ, కిత్‌నా మీఠా!" అని కొంగుతో నాలుక తుడుచుకుంది. పోలమ్మ ఆ బుడ్డి లాక్కుని తనే నోట్లో నొక్కుకుంది, మళ్ళీ నొక్కుకుంది, నాలుక మీద నుంచి గడ్డం మీదకి కారేదాకా నొక్కుకుంది. చల్లగా ఉంది. చల్లదనం తప్ప ఇంకేమీ లేదు. తడిని తీపి అనుకుంటూ వచ్చింది. తీపి ఎలా ఉంటుందో మర్చిపోయి, మర్చిపోయిన సంగతి కూడా మర్చిపోయింది. మనిషి నోట్లోంచి ఒక రుచి లేచిపోతే మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది, కన్ను పోతే తెలుస్తుంది, కాలు పోతే తెలుస్తుంది, ఇదేమిటి ఇది, ఎప్పుడు పోయింది?

ఎప్పుడో. ఈ ఊరి బెల్లంలో సత్తువ లేదని తిట్టడం మొదలుపెట్టిన నాటి నుంచేమో. ఎన్నేళ్ళుగా తిడుతోంది! దుర్గు సంతలో బెల్లం దిమ్మ కొన్నప్పుడల్లా, ఇదీ ఒక బెల్లమేనా, మట్టిగడ్డ, మా అనకాపల్లి బెల్లం అయితే వేలికంటుకుంటే చాలు అనేది. పోయినేడు ఆడపడుచు సూర్యావతి అనకాపల్లి బెల్లమే మూటగట్టి తెచ్చింది. నోట్లో వేసుకుని, అక్కడా కల్తీయేనే వదినా, లోకమే చెడిపోయిందంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఊళ్ళమీద పడింది గానీ, తప్పు తన నోట్లో ఉందని ఒక్కనాడైనా తోచిందా? అడ్డపొగ. అదే తినేసింది. వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళు చుట్ట కాల్చేది నిప్పు నోట్లోకి పెట్టుకునే. అమ్మ అలాగే కాల్చేది, అమ్మమ్మ అలాగే కాల్చేది, వానలో నాట్లు వేసినా చుట్ట ఆరదు, చంకలో బిడ్డ ఉన్నా నిప్పు బిడ్డకి తగలదు, ఎంత తెలివి అని మురిసిపోయేవాళ్ళు. అమ్ముని చంకనేసుకుని తనూ అలాగే కాల్చింది. బిడ్డకి నిప్పురవ్వ తగలకూడదనే కదా. అంగిలి కాలి కాలి గట్టిపడింది, కారం మంట తెలుస్తుంది, ఉప్పు కొంచెం తెలుస్తుంది, తీపి మాత్రం చెప్పాపెట్టకుండా పోయింది. అలాంటి నోటిని పట్టుకుని జట్టు మొత్తానికీ తనే తూకంరాయిగా కూర్చుంది. అహల్య పట్టీ లాగి బిగించిన చెయ్యి ఇదే. ఆ చేతిని చీర కుచ్చెళ్ళ కింద దాచుకుంది.

ఉండు, ఉండు. ఊపిరి తీసుకో. పోలమ్మ తనకి తనే చెప్పుకుంది. నోరు పోయింది తనది, పిల్లది కాదు. ఇప్పుడే కదా కళ్ళారా చూసింది, తుంపర పడగానే ఎలా మొహం చిట్లించిందో. పచ్చటి నోరు, ఉప్పు పిసరంత ఎక్కువైతే కంచం నెట్టేసే నోరు. అలాంటి నోరున్న పిల్ల ముసుగులో కూర్చుని తీపి తగల్లేదంటే, తగలనట్టే. వానాకాలంలో చేరినప్పుడు చేశారు, లేదంది, ఇవాళ పొద్దున్న చేశారు, లేదంది. అంటే పిల్ల మాస్కు బిగువుగానే ఉంది. సన్న మొహానికి పెద్ద మాస్కైతే ఏం, పట్టీలున్నాయి. తన బుగ్గ పోయింది కాబట్టి తనకి కారింది, పిల్ల బుగ్గలు నిండుగా ఉన్నాయి. దగ్గు సిగిడీదే. ఎంత హాయిగా ఉంది ఈ ఆలోచన! ముసిల్ది ఫెయిలైతే బయట ఎండలో ఇటుకలు మోస్తుంది, మోయలేకపోతే ఇంట్లో పడుంటుంది, ఫెయిలైన వాళ్ళకి షెడ్డులో పని లేదని మేస్త్రీ చినబాబు పొద్దున్నే అరిచి చెప్పాడు, చెప్పనీ. పిల్ల పనీ ఉంటుంది, పిల్ల ఊపిరీ ఉంటుంది. అప్పన్నా, నన్ను తీసుకుని దాన్ని వదిలెయ్యి. ఆమె లేచి వెళ్ళి తనే అమ్ముకి మాస్కు తొడిగింది, జడ పక్కకి తీసి పట్టీలు సరిచేసింది, మేడం గొట్టం తగిలించింది. అమ్ము తల్లివైపు ఒకసారి చూసి కళ్ళు దించుకుంది.

యంత్రం రొద చేస్తోంది. మామూలుగా, లోతుగా, అటూ ఇటూ, పైకీ కిందకీ. అమ్ము తల పైకెత్తినప్పుడల్లా గడ్డం కింద రబ్బరు కొద్దిగా లేచినట్టు కనిపిస్తోంది, కాదులే, వెలుతురు అలా పడుతోంది. మాట్లాడమంటే అమ్ము హిందీలో ఎక్కం చెప్పింది, చెబుతూ మధ్యలో దగ్గింది. అగరొత్తి సగానికి వచ్చింది, బూడిద వంగి వేలాడుతోంది, పడదేం. సంజయ్ తెరని చూస్తున్నాడు. ఆ మొహంలోకే చూస్తోంది పోలమ్మ, చదువు రానివాళ్ళకి మొహాలే గతి, ఇప్పుడు నవ్వుతాడు, ఇప్పుడు పాస్ అంటాడు, ఇప్పుడు. అతను నవ్వలేదు. బీప్‌మంది. మేడం వంగి చూసి, పెదవి కొరుక్కుని, ఇరవై అంది. పోలమ్మకి హిందీ లెక్కలు బాగానే వచ్చు. అయినా సంజయ్ నోటి నుంచి వినాలనుకుంది.

"నీకంటే ఎక్కువ పెద్దమ్మా," అన్నాడు సంజయ్. "నీకు పది. దీనికి ఇరవై."

ఇరవై. అదెలా కుదురుతుంది? వందలో ఇరవై లోపలికి పోతుంటే ఆ నోటికి తెలియకపోవడమేమిటి? కాలిపోయిన నోరు కాదే అది. అప్పలసూరి తెల్లటి కనురెప్పలు కళ్ళముందు కదిలాయి, గోడకి చేరగిలబడ్డ వీపు, మధ్యరాత్రి ఆ ఈల లాంటి ఊపిరి, వానాకాలం నుంచి ఇప్పటిదాకా, రోజూ, షిఫ్టు షిఫ్టంతా, చెయ్యి పట్టుకుని తనే తీసుకొచ్చి, అక్కడ నిలబెట్టి. వెళ్ళి అమ్ము ముందు నిలబడింది.

"ఓలే అమ్మూ, నీ నోరు బాగానే ఉంది కదే. ఇప్పుడే కదా సెప్పినావు తీపని. మరి ముసుగులో తగల్లేదేటే?"

అమ్ము మాస్కు కిందకి లాగింది. ముక్కుమీదా బుగ్గలమీదా రబ్బరు ఒత్తుకున్న ఎర్రటి గుర్తు. "తగిలిందమ్మా," అంది. "మొదటి రోజు నుంచీ, హర్ బార్ తగిలింది."

"మరి నేదన్నావేటే?"

"నువ్వు లేదన్నావు కదా." అమ్ము అయోమయంగా తల్లివైపు చూసింది, ఇంత మాత్రం తెలియదా అన్నట్టు. "నీకూ తగులుతోందనే అనుకున్నానమ్మా. తగిలినా, పని పోతుందని లేదంటన్నావనుకున్నాను. అమ్మ ఓర్చుకుంటోంది కదా, నాకేటి అని నేనూ లేదన్నాను."

పోలమ్మ వింది. వానాకాలం ఆ మొదటి రోజు, ప్లాస్టిక్ ముసుగులోంచి పిల్ల తనవైపు చూసిన చూపు, కళ్ళలో నీళ్ళు, కొత్త కదా బెదురుతోందనుకుని తను ధైర్యంగా తలూపడం, ఆ తలూపుడుకి పిల్ల కూడా లేదని తలూపడం, ఎంత ధైర్యం నా కూతురికి అని తను మురిసిపోవడం. అప్పుడు నోటినిండా తీపే ఉందన్నమాట ఆ పిల్లకి. గొంతులోకి దిగుతున్న తీపిని మింగుతూ తనవైపు చూసిందన్నమాట. తను కడుపు కోసం అబద్ధమాడుతోందని నమ్మి, అయినా ఒక్క మాట అనకుండా, అమ్మ మోసే బరువులో తన వంతు అనుకుని భుజం పట్టిందన్నమాట. అందులో బరువే లేదు. తను ఓర్చుకున్నదేమీ లేదు. ఏమీ తెలియని నోరు ఏమీ లేదంది, అన్నీ తెలిసిన నోరు దాన్ని చూసి నోరు మూసుకుంది. నాలుగు చెంపలు వాయించుకున్నా తీరేది కాదు. పిల్ల తలని పొట్టకి అదుముకుందామని చేతులు చాపింది గానీ మాస్కు పట్టీ వేళ్ళకి చుట్టుకుంది, జడలోంచి దాన్ని విడదీయడానికి తంటాలు పడుతూ నిలబడింది. మేడం ఆ పిల్ల ఏమందని అడిగింది. సంజయ్ గొంతు తగ్గించి హిందీలో చెప్పాడు.

గుమ్మంలో చినబాబు కనిపించాడు. చేతిలో ఈల, మొహంలో తొందర. "ఏటయినాది ఇక్కడ? అక్కడ బండ ఆడతంది, పిండి తియ్యడానికి మనుసుల్లేరు. మీ తల్లీకూతుళ్ళు పాసేనా? షెడ్డుకి పంపించేస్తన్నారా?"

అమ్ము అలవాటుగా తల్లి మొహం చూసింది. బెంచీ మీద ఆడవాళ్ళందరూ చూశారు. పోలమ్మ మాస్కుని బల్లమీద పెట్టింది.

"ఫెయిలు చినబాబూ," అంది. "ఇద్దరం ఫెయిలే."